దేశము పేరు లేని కుర్చీ

బెల్జియము రాజధానియైన బ్రస్సెల్స్ నగరములో షూమన్ కూడలియొద్ద నిలిచి చూచినచో, ఒకే రాజవీథికి ఇరువైపుల రెండు మహాసౌధములు ఒకదాని మొగము నొకటి తేరిపార చూచుచున్నట్లు కనబడును. అందు మొదటిది బెర్లేమాంట్ భవనము. నాలుగు రెక్కలు చాచిన ఆకృతితో 1960వ దశకమున నిర్మింపబడిన ఆ కట్టడమునకు, పూర్వము ఆ స్థలమున సన్న్యాసినులు నడపిన మఠము పేరే నేటికిని నిలిచియున్నది. రెండవది 2017లో వాడుకలోనికి వచ్చిన యూరోపా భవనము. దాని ముఖభాగమంతయు పాత ఓకు కర్ర కిటికీ చట్రములతో కూర్చిన గోడ; ఐరోపా ఖండములోని పలు దేశముల పాత ఇండ్లనుండి ఊడదీసి తెచ్చిన చట్రములవి. ఏ ఊరిలో ఏ తల్లి ఆ కిటికీ రెక్క తెరచి, వీథిలో ఆడుకొనుచున్న బిడ్డను అన్నమునకు పిలిచెనో ఎవరు చెప్పగలరు?

ఈ రెండు భవనములలోను రెండు విధములైన కుర్చీలు కలవు. యూరోపా భవనములోని ప్రతి కుర్చీ యెదుటను ఒక దేశము పేరు వ్రాసిన పలక యుండును. అందు కూర్చున్నవాడు మంత్రియైనను రాయబారియైనను తన దేశము మాట మాట్లాడుటకే వచ్చినవాడు. ఎదుటనున్న బెర్లేమాంటులో, సాధారణముగా బుధవారమునాడు పదుమూడవ అంతస్తున సమావేశమగు కమిషనర్ల కుర్చీలకు దేశము పేరు లేదు. అక్కడ కూర్చుండువాడు ఫ్రెంచివాడైనను, పోలండువాడైనను, ఏ ప్రభుత్వమునుండియు ఆజ్ఞలు కోరననియు, ఇచ్చినను గైకొననియు లక్సెంబర్గులోని న్యాయస్థానము నెదుట ప్రమాణము చేసి వచ్చినవాడు. ఐరోపా సమాఖ్య యనబడు ఈ అపూర్వమైన రాజ్యవ్యవస్థ యొక్క మర్మమంతయు ఈ రెండు కుర్చీల నడుమనే యున్నదని నా నమ్మకము. అందునను దేశము పేరు లేని కుర్చీని చేయుట ఎంత కష్టమో, దానిని నిలుపుట అంతకంటె కష్టము.

ఇరువదియేడు దేశములు, నలుబదియైదు కోట్ల ప్రజలు, ఇరువదినాలుగు అధికార భాషలు గల ఈ సమాఖ్యకు సొంత సైన్యము లేదు. పన్నులు వసూలు చేయు గుమస్తాలు లేరు. రేవులలో సుంకము పుచ్చుకొనువారు సైతము ఆయా దేశముల ఉద్యోగులే. శాసనములకు ముసాయిదా వ్రాసి, అవి అమలగుచున్నవో లేవో కనిపెట్టి, ఉల్లంఘించిన ప్రభుత్వమును న్యాయస్థానమునకు ఈడ్చు కమిషనులో పనిచేయువారు సుమారు 32,000 మంది. మన భారతీయ రైల్వేలలో కొలువు చేయువారు పన్నెండు లక్షలకు పైమాటే యని తలచుకొన్నచో, ఈ సంఖ్య యెంత స్వల్పమో తెలియగలదు. బలగము కొద్ది, బలము లేదు. ఇక మిగిలినది ఎవరు ఎక్కడ కూర్చుండవలెనన్న ఏర్పాటు ఒక్కటే. కనుకనే ఆ ఏర్పాటును గూర్చి అక్కడివారు పడినంత తపన వేరెవ్వరును పడియుండరు.

ఈ ఆలోచనకు మూలపురుషుడు జాన్ మొనే. కొన్యాక్ పట్టణమున బ్రాందీ వ్యాపారము చేయు కుటుంబములో పుట్టి, విశ్వవిద్యాలయపు గడప త్రొక్కకయే లోకానుభవము గడించిన ఆ ఫ్రెంచి పెద్దమనిషి, మొదటి ప్రపంచయుద్ధానంతరము జెనీవాలోని నానాజాతిసమితికి ఉపప్రధాన కార్యదర్శిగా 1923 వరకు పనిచేసెను. ఏ ఒక్క రాజ్యము కాదన్నను సమితి చేతులు కట్టుకొని కూర్చుండవలసివచ్చుట ఆయన కన్నులార చూచెను. రెండవ యుద్ధము ముగిసిన పిదప, 1950 మే 9వ తేదీన ఫ్రాన్సు విదేశాంగమంత్రి రాబర్ట్ షూమన్ చదివిన ప్రకటనకు రూపకర్త ఆయనయే. యుద్ధసామగ్రికి ప్రాణాధారములైన బొగ్గును ఉక్కును ఫ్రాన్సు, జర్మనీలు ఒక ఉమ్మడి అధికారపీఠమునకు అప్పగించవలెనని అందలి సారాంశము. మరుసటి యేడు ఆరు దేశములు ఒడంబడిక చేసికొనెను. 1952 ఆగస్టు 10న తొమ్మండుగురు సభ్యులు గల ఉన్నతాధికార సంఘము లక్సెంబర్గులో కొలువుతీరగా, దానికి మొనే తొలి అధ్యక్షుడాయెను.

పండ్రెండేండ్ల క్రిందట ఒకరి నగరములపై నొకరు బాంబులు కురిపించిన జాతులవారు, ఇప్పుడు ఒకే వసారాలో ప్రక్కప్రక్క గదులలో కూర్చుండి ఉక్కు ధరల లెక్కలు కట్టసాగిరి. వారి బిడ్డలు చదువుకొనుటకు బడి లేకపోగా, తల్లిదండ్రులే పూనుకొని 1953లో లక్సెంబర్గున ఒక పాఠశాలను నెలకొల్పిరి. నేడు పలు నగరములలోనున్న ఐరోపా పాఠశాలలకు అదియే మొదలు. సంస్థల చరిత్ర వ్రాయువారు ఒడంబడికల తేదీలను చెప్పినంత వివరముగా ఈ బడిని గూర్చి చెప్పరు. కాని తండ్రులు యుద్ధములో ఎదురెదురుగా నిలిచిన పిల్లలు ఒకే బల్లపై కూర్చుండి ఎక్కములు చదివిన ఆ దృశ్యమే నాకు మిక్కిలి ప్రియమైనది.

మొనే కోరినది కొలది వందల మంది గల చిన్న బృందము. 1957 నాటి రోము ఒడంబడికతో ఆర్థిక సమాజమును, వాల్టర్ హాల్‌స్టైన్ అధ్యక్షతన దానికి కమిషనును ఏర్పడినపిదప, ఆ చిన్నబృందము స్థానమున శాశ్వత ఉద్యోగవర్గము, శ్రేణులు, పరీక్షలు వచ్చినవి. ఉద్యోగనియమావళి 1962లో వెలువడినది. అందలి రెండు నియమములను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. ఏ పదవియు ఏ దేశస్థునికిని ప్రత్యేకింపరాదని ఒకటి. సభ్యదేశములన్నిటినుండియు వీలైనంత విశాలముగా ఉద్యోగులను ఎన్నుకొనవలెనని మరియొకటి. మొదటిది దేశమును మరువుమనును, రెండవది గుర్తుంచుకొమ్మనును. ఆనాటినుండి నేటివరకు సమాఖ్య కొలువుల కథ యంతయు ఈ రెండింటి నడుమ నడుచుచున్న కత్తిమీద సామే.

కొలువునకు ద్వారము పోటీపరీక్ష. 2003నుండి సంస్థలన్నిటికిని కలిపి ఒకే ఎంపిక కార్యాలయము పనిచేయుచున్నది. మన సివిల్ సర్వీసు అభ్యర్థులకు పరిచితమైన వాతావరణమే అది: వేలకొలది అభ్యర్థులు, పిడికెడు కొలువులు, ఎంపికైనవారి జాబితాలో పేరెక్కినపిమ్మటను పిలుపునకై నెలల తరబడి నిరీక్షణ. ఏ భాషలో పరీక్ష వ్రాయవలెనన్న తగవు మనకెంత సుపరిచితమో వారికిని అంతే. ప్రకటనలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలలో మాత్రమే సంపూర్ణముగా ప్రచురించి, రెండవ భాషగా ఆ మూటిలో ఒకదానినే యెన్నుకొనుమనుట అన్యాయమని ఇటలీ ప్రభుత్వము వ్యాజ్యెము వేయగా, 2012లో ఉన్నత న్యాయస్థానము ఇటలీ పక్షముననే తీర్పు చెప్పినది.

క్రింది మెట్లలో నియమము చక్కగనే నడచినను, పై మెట్లలో చిరకాలము దేశముల జెండాలు పాతుకొనియుండెను. వ్యవసాయ విభాగమునకు అధిపతి ఫ్రెంచివాడు, స్పర్ధా విభాగమునకు అధిపతి జర్మనుడు అనునది వ్రాయని శాసనమువలె దశాబ్దములపాటు సాగినది. రొమానో ప్రోది అధ్యక్షుడైన 1999 తరువాతగాని ఆ జెండాలు పెరికివేయబడలేదు. ఆనాటినుండియే కమిషనరు సొంత సలహాబృందములోను తన దేశస్థులనే నింపుకొనరాదు, పరదేశీయులు ఉండితీరవలెనను కట్టుబాటు వచ్చినది. స్త్రీలకు ఈ గడప మరింత ఎత్తుగా నుండెను. 1989లో క్రిస్తియాన్ స్క్రివ్నేర్, వాస్సో పాపాండ్రియులు ప్రవేశించువరకు కమిషనర్లలో ఒక్క స్త్రీయైనను లేదు. నేటి అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ ఆ పీఠమెక్కిన ప్రథమ మహిళ.

కమిషనరు స్థితి మరియును చిత్రమైనది. అతనిని పేర్కొని పంపునది స్వదేశ ప్రభుత్వము. వచ్చినపిదప మరువవలసినది ఆ ప్రభుత్వమునే. సంఖ్య పెరిగి పని పలుచనగుచున్నదని, లిస్బన్ ఒడంబడికలో దేశముల సంఖ్యలో మూడింట రెండువంతుల మందియే కమిషనర్లుండవలెనని వ్రాసికొనిరి. కాని 2008లో ఐర్లండు ప్రజలు ఆ ఒడంబడికను తిరస్కరించిన తరువాత, వారిని ఒప్పించుటకై దేశమున కొకరు చొప్పుననే యుంచెదమని మాట యీయవలసివచ్చినది. పంపిన దేశమునే మరువవలసిన ఇరుకునుండి పుట్టిన ఒక నుడికారము బెర్లేమాంటులో వాడుకలో నున్నది. చర్చలో స్వదేశ ప్రస్తావన తప్పనిసరియైనపుడు కమిషనరు ‘మా దేశము’ అనడు. ‘నేను అన్నిటికంటె బాగుగా ఎరిగిన దేశము’ అనును. పుట్టినింటి గోత్రము మారినను పుట్టినింటి ముచ్చట మానలేని ఆడపడుచు మాటవలె వినబడు ఆ పలుకులో ఎంత సంయమము, ఎంత మమకారము ఇమిడియున్నవో!

ఇక దుబాసీల సంగతి. సభామందిరపు గోడల పొడవున అద్దపు గదులు వరుసగా నుండును. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క గది. చెవులకు శబ్దగ్రాహకములు తగిలించుకొని ఇద్దరో ముగ్గురో అందు కూర్చుండి, సుమారు అరగంట కొకసారి వంతులు మార్చుకొందురు. ఒకరు మాట్లాడుచుండగా ప్రక్కనున్నవారు ఊరకుండరు. వక్త నోట సంఖ్యయో, సంస్థ పేరో వచ్చినచో దానిని కాగితముపై గీసి తోటివారి ముందుకు జరుపుదురు. ఇరువదినాలుగు భాషలలో ప్రతిదానినుండి తక్కిన ఇరువదిమూటిలోనికి మార్చవలెనన్నచో జతలు 552. ఎస్టోనియా భాషనుండి నేరుగా మాల్టా భాషలోనికి మార్చగలవారు దొరకుట దుర్లభము. కావున ఒకరు దానిని ఇంగ్లీషులోనికో ఫ్రెంచిలోనికో తేగా, ఆ మాటను విని వేరొకరు మాల్టా భాషలో చెప్పుదురు. సభికుడు ఛలోక్తి విసిరినపుడు నవ్వు సభ నంతటిని ఒక్కసారి తాకదు. ఈ మూల మొదలై, క్షణము గడచి ఆ మూల వినబడును.

వారికి పెద్ద పరీక్ష జర్మను వాక్యము. ఉపవాక్యములో కర్త ముందు వచ్చి, కర్మ వచ్చి, విశేషణములన్నియు ఊరేగింపుగా వచ్చి, క్రియ మాత్రము చిట్టచివర వచ్చును. వక్త ఆ ప్రతిపాదనను సమర్థించుచున్నాడో తిరస్కరించుచున్నాడో తుదిమాట వరకు తెలియదు. ఆ లోపల ఇంగ్లీషు గదిలోని దుబాసీ ఊపిరి బిగబట్టి, మునుపటి మాటల మూటను నెత్తిన మోయుచు నిరీక్షింపవలెను. మన తెలుగును ఇంగ్లీషులోనికి మార్చువారికి ఈ కష్టమేమో చెప్పనక్కరలేదు. మనకును క్రియ వాక్యాంతముననే గదా.

ఆర్థిక సమాజము ఏర్పడిన తొలినాళ్లలో, 1958లో వెలువడిన మొట్టమొదటి నిబంధనయే భాషలను గూర్చినది. అప్పటి భాషలు నాలుగు. ఏ దేశపు రైతునైనను తన భాషలో చదువలేని శాసనముతో శిక్షింపరాదు, తన భాషలో అడుగలేని సభకు పంపరాదు అను న్యాయబుద్ధి దానికి మూలము. ఖర్చు ఎక్కువయని గొణుగువారు అక్కడను లేకపోలేదు. నా మట్టుకు నేను, ఆ సమాఖ్య వెచ్చించు ధనములో ఇంత సార్థకమైన వ్యయము వేరొకటి లేదని యెంచెదను.

దేశము పేరు గల కుర్చీల సంగతి చూతము. మంత్రుల కౌన్సిలు అధ్యక్షత ఆరుమాసముల కొకసారి ఒక దేశమునుండి మరియొక దేశమునకు మారుచుండును. మంత్రులు కూర్చుండు వరుసయు ఆ క్రమముననే తిరుగును. అధ్యక్షత వహించు దేశమునకు ఆ యారుమాసములు రెండు కుర్చీలు: ఒకదానిలో ఆ దేశమంత్రి మధ్యస్థుడై అందరిని సమాధానపరచవలెను, మరియొకదానిలో కూర్చున్న అతని సహచరుడు స్వదేశపక్షమున వాదింపవలెను. ఓటునకు వచ్చినచో పదునైదు దేశములు, మొత్తము జనాభాలో నూటికి అరువదియైదు వంతులు కలిసిరావలెను. పన్నులు, విదేశాంగము వంటి విషయములలో మాత్రము నేటికిని ఏకగ్రీవమే.

నిజమునకు మంత్రుల బల్లపైకి వచ్చు అంశములలో పెక్కు అంతకుముందే తేలిపోయినవి. సభ్యదేశముల శాశ్వత ప్రతినిధుల సంఘము, ‘కోర్‌పెర్’ అని వారు పిలుచుకొనునది, వారము వారము కూడి చిక్కుముడులు విప్పును. విడిపోయినవి ‘ఎ’ అంశములు. మంత్రులు వానిని చర్చలేకయే ఆమోదింతురు. విడనివి ‘బి’ అంశములు.

అంతకుపైన దేశాధినేతల సభ. నేడు దాని అధ్యక్షుడు పోర్చుగల్ మాజీ ప్రధాని ఆంటోనియో కోస్టా. ఆయన తండ్రి మూలములు మన గోవాలోనివి. ఆ సభలోనికి దేశముల అధికారులకు ప్రవేశము లేదు; నేతలు తమంత తాము కూర్చుండి మాట్లాడుకొనవలెను. మరి లోపలి మాట బయటివారికి తెలియుటెట్లు? సచివాలయపు ఉద్యోగి యొకడు లోపల విన్నది వ్రాసికొని, కొంతసేపటికి వెలుపలికి వచ్చి, వేరొక గదిలో కాచుకొనియున్న రాయబార కార్యదర్శులకు చదివి చెప్పును. వారికి ‘ఆంటిచి’లని పేరు, 1975లో ఆ ఏర్పాటును నెలకొల్పిన ఇటలీ దౌత్యవేత్త పాఓలో ఆంటిచి పేరు మీదుగా వచ్చినది. చెప్పినదానిని ఒక్కొక్క ఆంటిచి తన భాషలో, తన తీరున గీసికొని తమవారికి పంపును. ఇరువదియేడుగురు నేతలు పలికిన మాట మూడు చేతులు మారి, ఇరువదియేడు విధములైన కాగితములుగా తెల్లవారునప్పటికి రాజధానులకు చేరును.

పార్లమెంటులో మూడవరకపు కుర్చీ యున్నది. 1979లో ప్రజలు నేరుగా ఓట్లువేసి పంపిన తొలి సభకు అధ్యక్షురాలు ఆష్విట్జ్ మృత్యుశిబిరమునుండి బ్రతికి బయటపడిన సిమోన్ వేయ్. నేటి సభ్యులు 720 మంది. జర్మనీకి 96, మాల్టాకు 6. వారు దేశముల వారీగా గాక రాజకీయపక్షముల వారీగా కూర్చుందురు. ఈ సభ యేటికి పండ్రెండుసార్లు ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గున కూడవలెనని ఒడంబడికలో కట్టుబాటు. బ్రస్సెల్సులో కార్యాలయపు తలుపు వెలుపల కాగితములు నింపి పెట్టిన పెట్టె, లారీ యెక్కి నాలుగువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి, స్ట్రాస్‌బర్గులో అదే సభ్యుని గది వాకిట నిలిచియుండును. వారాంతమున మరల తిరుగుప్రయాణము. ఈ తిరుగుడు వృథాయని సభ్యులలో పెక్కురు మొరపెట్టుకొందురు, రెండు సమావేశములను ఒకే వారములో ముగింప జూచిరి గూడ. 2012లో న్యాయస్థానము ఒప్పుకొనలేదు. వ్యయమును నేనును సమర్థింపను. కాని ఫ్రాన్సు, జర్మనీల నడుమ పలుమారులు చేతులు మారిన ఆ సరిహద్దు నగరమును విడుచుట యుద్ధము చూచిన పెద్దల తరమునకు ఎందుకు మనసొప్పలేదో అర్థము చేసికొనగలను.

లక్సెంబర్గులోని న్యాయస్థానమును గూర్చి ఒక్కమాట. న్యాయమూర్తులు ఇరువదియేడుగురు; వారు తీర్పును చర్చించు గదిలోనికి దుబాసీలకు ప్రవేశము లేదు. ఆ రహస్యచర్చ ఫ్రెంచిలో నడచును; తీర్పు ఒకే గొంతుతో వెలువడును, భిన్నాభిప్రాయము ప్రకటింపబడదు. ఎవరు ఎటు మొగ్గిరో స్వదేశమునకు తెలియనపుడే గదా న్యాయమూర్తికి నిజమైన స్వేచ్ఛ.

ఈ దూరపు కొలువులు మనకేల యని తలచు పాఠకులు భీమవరము చెరువుగట్లపై రొయ్యల రైతును అడుగవలెను. మన దేశమునుండి వచ్చు పెంపకపు రొయ్యల సరకులో నూటికి పది వంతులను పరీక్షించు ఐరోపా రేవులు, 2016 అక్టోబరులో కమిషను చేసిన నిర్ణయముతో ఏబది వంతులను పరీక్షింపసాగినవి. నిషిద్ధమైన యాంటీబయాటిక్ మందుల అవశేషములు కనబడుటయే అందుకు హేతువు. ముసాయిదా వ్రాసినది బ్రస్సెల్సులోని ఉద్యోగులు; దానిపై అభిప్రాయము చెప్పినది సభ్యదేశముల నిపుణుల సంఘము; ఆహారపు నాణ్యతను దేశదేశములు తిరిగి తనిఖీ చేయువారి కార్యాలయము ఐర్లండులోని గ్రేంజ్ అనుచోట నున్నది. ఎన్నికలలో వారికి ఓటు వేయని, వారి పేరైనను ఎరుగని వన్నామి రొయ్యల రైతు చెరువులో చల్లు మందు, వారి సంతకముతో ముడిపడియున్నది.

సంతకమునకు అంతటి బలమున్నపుడు, సంతకము చేయువాని యెంపికలో చిన్న అపచారమును పెద్ద గాయమగును. మాజీ ఫ్రెంచి ప్రధానియు కమిషనరునైన ఎదిత్ క్రెస్సన్, తనకు పరిచితుడైన ఒక దంతవైద్యుని శాస్త్రజ్ఞుని హోదాలో కొలువులోనికి తెచ్చుటతో పాటు, పర్యవేక్షణలోపములు పెక్కింటిని నిపుణుల సంఘము బయటపెట్టగా, 1999 మార్చి 15 రాత్రి జాక్ శాంటేర్ నాయకత్వమునగల ఇరువదిమంది కమిషనర్లును ఒక్కుమ్మడి రాజీనామా చేసిరి. ఆమె తన విధిని అతిక్రమించెనని 2006లో న్యాయస్థానము నిర్ధారించినది. మరల 2018 ఫిబ్రవరిలో, నాటి కమిషను అధ్యక్షుని సలహాబృంద ప్రధానుడైన మార్టిన్ సెల్‌మాయర్ ఒకే సమావేశమున ఉపప్రధాన కార్యదర్శియు, వెనువెంటనే ప్రధాన కార్యదర్శియు నాయెను. ఆ నియామకమున నాలుగు పాలనాదోషములు కలవని సమాఖ్య అంబుడ్స్‌మన్ ఎమిలీ ఓ’రైలీ తేల్చిచెప్పెను. అతని సామర్థ్యమును శంకించినవారు తక్కువ. కాని పరీక్షలు వ్రాసి, మెట్టుమెట్టుగా ఎక్కివచ్చిన వేలమందికి ఆ దినము చెప్పిన పాఠము మంచిది కాదు. అట్లే, 2004 తరువాత విస్తరించిన కాంట్రాక్టు ఉద్యోగుల వర్గము శాశ్వతుల ప్రక్కనే కూర్చుండి తక్కువ జీతమునకు, తక్కువ భరోసాకు పనిచేయుచున్నది. దేశభేదము తుడిచివేయజూచిన వసారాలో ఈ కొత్త భేదము పుట్టుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

2020 జనవరి 31, శుక్రవారము. బ్రిటన్ సమాఖ్యను విడిచిపోవు రాత్రి. యూరోపా భవనములో వరుసగా నిలిచిన జెండాలలోనుండి బ్రిటిషు జెండాను ఇద్దరు ఉద్యోగులు తొలగించి తీసికొనిపోయిరి. మంత్రుల బల్లచుట్టు ఒక కుర్చీ తగ్గినది. ఒక పలక పోయినది. పార్లమెంటులో బ్రిటన్ పంపిన సభ్యులందరును ఆ రాత్రితో సభ్యులు కాకపోయిరి. సభ్యదేశపు పౌరసత్వము ఉద్యోగమునకు అర్హతయని నియమావళిలో వ్రాసియుండుటచే, బెర్లేమాంటులోను తక్కిన కార్యాలయములలోను దశాబ్దములుగా పనిచేయుచున్న బ్రిటిషు ఉద్యోగులను పంపివేయుటకు కమిషనుకు అధికారము లేకపోలేదు. కాని పౌరసత్వము పోయిన కారణముగా సాధారణముగా ఎవరిని తొలగింపమని అది 2018లోనే మాట యిచ్చియుండెను. వారు స్వదేశమునకు కాక సమాఖ్యకు ప్రమాణము చేసినవారు గదా.

ఫిబ్రవరి 3, సోమవారము ఉదయమున వారు ఎప్పటివలెనే షూమన్ మెట్రో స్టేషను మెట్లెక్కి వచ్చి, మెడలోని గుర్తింపుకార్డు చూపి, తమ గదులలో తమ కుర్చీలలో కూర్చుండిరి.